వెల్లకిలా పరిచిన కార్డులు: హాస్టల్ వేధింపుల తర్వాత ఒక అమ్మాయితో టారో

ఈ కేసు రాయడానికి ఒక కారణం ఉంది. కౌన్సెలింగ్‌లో టారో కార్డులు, అంటే జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల కార్డులు, వాడేవాళ్లు మన దగ్గర ఈమధ్య పెరిగారు. వాడడం తప్పని అనను, నేనూ వాడతాను. కానీ తోటివాళ్ల వేధింపులు పడి వచ్చిన పిల్లల ముందు కూడా కార్డులు కలిపి, బోర్లా పెట్టి, "కళ్లు మూసుకుని ఒకటి తియ్యి" అనడం చూస్తున్నాను. నువ్వు ఇలాంటిదానివి, నీ బతుకింతే అని నెలల తరబడి వినివిని వచ్చిన పిల్ల చేతికి టెన్ ఆఫ్ సోర్డ్స్ వచ్చిందనుకోండి. వీపులో పది కత్తులు దిగి నేల మీద పడున్న మనిషి బొమ్మ అది. మనం ఎంత మెత్తగా వివరించినా ఆ పిల్ల ఇంటికి తీసుకెళ్లేది ఆ బొమ్మనే. అప్పటికే చాలామంది ఇచ్చిన తీర్పుకి ఇంకొకటి కలుస్తుంది. అందుకే ఇలాంటి కేసుల్లో నేను కార్డులన్నీ వెల్లకిలా పరుస్తాను. చూసి, ఎంచుకునేది వాళ్లు.

కేసు వివరాలు

క్లయింట్‌కి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. సొంతూరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. చదువుతున్నది విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. దసరా సెలవులకి ఇంటికొచ్చింది. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే వాంతులు, కడుపునొప్పి. టికెట్ మార్చి రెండు రోజులు ఆగితే మళ్లీ అదే. స్కానింగ్‌లో ఏమీ లేదు. చూసిన డాక్టరుగారే, ఇది కడుపులో ఉన్న సమస్యలా లేదు, ఒకసారి కౌన్సెలర్‌కి చూపించండి అని విశాఖలో నా దగ్గరికి పంపారు. అమ్మాయి, వాళ్లమ్మ ఇద్దరూ ఈ రాత చదివి ఒప్పుకున్నారు. పోల్చుకోగల వివరాలు కొన్ని మార్చాను.

మొదటిసారి మాట్లాడిందంతా వాళ్లమ్మే. మొదట్లో మంచి సెక్షన్‌లో ఉండేదట, మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌కి దించారట. మెస్‌లో సరిగ్గా తినదట. ఆదివారం ఫోన్ ఇచ్చినప్పుడు "బాగున్నాను" తప్ప ఇంకో మాట ఉండదట. అమ్మాయి మాత్రం నేనేం అడిగినా "ఏం లేదు మేడమ్" అంటోంది. ఒక్కటి గమనించాను. ఆమె ప్రతి వాక్యానికీ ముందు కాస్త ఆగుతోంది. నత్తి కాదు. వాక్యాన్ని లోపల ఒకసారి అనుకుని, సరిచూసుకుని, అప్పుడు పైకి అంటోంది. పక్కన తల్లి నోట శ్రీకాకుళం మాట గలగలా వస్తుంటే కూతురు మాత్రం టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడుతోంది.

కార్డుల సంగతి ఎత్తగానే తల్లికి అనుమానం వచ్చింది. "మేడమ్‌గారూ, ఇది చిలకజోస్యమా? నీట్‌లో సీటొస్తదో రాదో చెప్తాదా?" అని అడిగింది. చెప్పదన్నాను. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఇవి ఉత్త పేకముక్కలేననీ, వీటికి జోస్యం అంటుకున్నది పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో అనీ, బొమ్మ చూసి మాట్లాడుకోవడానికి తప్ప నేను ఇంకెందుకూ వాడననీ చెప్పాను. పేకముక్కలు అనేసరికి ఆమె మొహం ఇంకాస్త ముడుచుకుంది. ఆ ఇంట్లో పేకాటకి ఏదో చరిత్ర ఉన్నట్టుంది. చివరికి, ఏ కార్డు వచ్చినా దాన్నిబట్టి పిల్ల గురించి ఏమీ తేల్చనని మాటిచ్చాక సరేనంది.

ఈ కార్డులే ఎందుకు

నేను వాడేది రైడర్-వెయిట్-స్మిత్ డెక్. 1909లో లండన్‌లో అచ్చయింది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. చాలా ఏళ్లు ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరు కలిపి పిలిచారే తప్ప బొమ్మలు గీసినావిడ పేరు ఎవరూ తలచలేదు. మొత్తం 78 కార్డులు. అందులో 22 పెద్దవి: సూర్యుడు, చంద్రుడు, చక్రం, మృత్యువు వగైరా. మిగతా 56 చిన్నవి: కర్రలు, కప్పులు, కత్తులు, నాణేలు. మార్సేయ్ తరహా పాత డెక్కులలో ఈ చిన్న కార్డుల మీద అయిదు కత్తులంటే అయిదు కత్తులే ఉంటాయి, మనుషులు ఉండరు. స్మిత్ వాటన్నిటికీ దృశ్యాలు గీసింది. మంచం మీద లేచి కూర్చుని ఏడ్చే మనిషి, మంచులో కుంటుకుంటూ పోయే మనిషి, పడవలో తలవంచుకున్న తల్లి. నాకు పనికొచ్చేవి ఈ చిన్న కార్డులే. మామూలు కష్టాల్లో ఉన్న మామూలు మనుషులు వీటిలో దొరుకుతారు.

భయం పుట్టించే కార్డులను ముందే తీసి పక్కన పెట్టేవాళ్లున్నారు. నేను తియ్యను. ఎండ, పూలు, ఇంద్రధనుస్సు మాత్రమే ఉన్న కార్డులు పరిస్తే కష్టంలో ఉన్న పిల్లకి తనలాంటి మనిషి ఒక్కరూ కనిపించరు. కార్డులు వెల్లకిలా ఉన్నప్పుడు హఠాత్తుగా మీదపడే భయం ఎలాగూ ఉండదు. 78 ఒకేసారి పరిస్తే మాత్రం కళ్లు చెదురుతాయి. ఓ ఇరవై చాలు.

అయిదు కత్తులు

తల్లిని బయట కూర్చోబెట్టి, బల్ల మీద కార్డులు పరిచి, "హాస్టల్ గదిలా అనిపించేది ఏదైనా ఉంటే చూపించు తల్లీ" అన్నాను. చాలాసేపు చూసి ఫైవ్ ఆఫ్ సోర్డ్స్ ముందుకి జరిపింది.

ఆ బొమ్మలో ముగ్గురుంటారు. ముందు ఒకడు మూడు కత్తులు పట్టుకుని, వెళ్లిపోతున్నవాళ్ల వైపు చూస్తూ నవ్వుతుంటాడు. రెండు కత్తులు నేల మీద పడుంటాయి. వెనక ఒకడు నడిచి వెళ్లిపోతుంటాడు. నీళ్ల ఒడ్డున ఇంకొకడు మొహం చేతుల్లో పెట్టుకుని ఉంటాడు. ఆకాశంలో గాలికి చిరిగిన మబ్బులు. వేధింపుల గురించి మాట్లాడేటప్పుడు ఈ కార్డు అందరికీ తడుతుంది. నవ్వేవాడు వేధించేవాడనీ, మొహం కప్పుకున్నవాడు క్లయింట్ అనీ మనం ముందే అనుకుంటాం కూడా.

ఆమె వేలు ఆ ఇద్దరిలో ఎవరి మీదా పెట్టలేదు. మధ్యలో వీపు చూపిస్తూ నడిచిపోతున్న మనిషి మీద పెట్టింది. "ఇది నా ఫ్రెండ్ మేడమ్" అంది.

అక్కడి నుంచి సంగతి బయటికొచ్చింది. గదిలో మొత్తం ఆరుగురు. చేరిన కొత్తలో ఆమె ఏదో అడగబోయి "ఏటి?" అంది. అంతే, ఆ రోజు నుంచి ఆమె పేరు ఏటి. మెస్ లైన్‌లో ప్లేటు పట్టుకుని నిలబడితే వెనక నుంచి కోరస్‌గా "ఏటీ, ఏటీ". స్టడీ అవర్లో డౌటు అడగడానికి లేస్తే పక్క బెంచీల నుంచి అదే. బోటనీ రికార్డు అట్ట మీద స్కెచ్ పెన్‌తో పెద్దక్షరాల్లో అదే. తెల్లవారుజామున పట్టి పెట్టుకున్న బకెట్ నీళ్లు పారబోసేవాళ్లు. రంగు గురించి మాటలు వేరే. ఇదంతా నడిపించింది ఇద్దరు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. పక్క మంచం అమ్మాయి మొదటి ఏడాదంతా ఈమెతోనే తిని, ఈమె నోట్సే రాసుకున్న అమ్మాయి. నవ్వలేదు, ఆపలేదు. ఇవన్నీ మొదలవగానే పుస్తకం తీసుకుని వరండాలోకి వెళ్లిపోయేది.

"వాళ్లు తిట్టేది అలవాటైపోయింది మేడమ్. అది లేచి వెళ్లిపోయే చప్పుడు అలవాటవలేదు."

నార్వేలో స్థిరపడి 1970ల నుంచి వేధింపుల మీద పరిశోధన చేసిన డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని బాధపెట్టడం, మళ్లీమళ్లీ చెయ్యడం, పడేవాళ్లు ఎదురు చెప్పలేని స్థితిలో ఉండడం. ఈ కేసులో మూడూ ఉన్నాయి. ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి 1996లో ఇంకొంచెం ముందుకెళ్లి, చుట్టూ ఉన్నవాళ్ల పాత్రలు కూడా లెక్కలోకి తీసుకుంది. చెయ్యి కలిపేవాళ్లు, నవ్వి ఎగదోసేవాళ్లు, తప్పుకునేవాళ్లు, అడ్డుపడేవాళ్లు. వేధింపులు ఆపడానికి ఆ దేశపు బడుల్లో నడిచే కివా కార్యక్రమం ఈ పునాది మీదే వచ్చింది. మన హాస్టళ్లలో విచారణ అంటే ఇద్దరిని పిలిచి "సారీ చెప్పు" అనిపించడమే. వరండాలోకి వెళ్లిపోయిన అమ్మాయిని ఎవరూ పిలవరు. నిజానికి ఈ పిల్లకి అందరికంటే గట్టిగా తగిలిన దెబ్బ అక్కడే ఉంది.

టారో పుస్తకాలు చెప్పే ప్రకారం కార్డులో ఆ మధ్య మనిషి ఓడిపోయి వెళ్తున్న ఇంకొకడు. ఆమెకి ఆ మాట చెప్పలేదు. అక్కడ పుస్తకానికి పనిలేదు.

కార్డులు పక్కన పెట్టాల్సిన చోటు

తర్వాతి సిట్టింగ్‌లో తనంతట తనే నైన్ ఆఫ్ సోర్డ్స్ తీసింది. మంచం మీద లేచి కూర్చుని మొహం కప్పుకున్న మనిషి, వెనక చీకట్లో అడ్డంగా తొమ్మిది కత్తులు. "రాత్రుళ్లు ఇంతే" అంది.

ఇక్కడ నేను కార్డు తిరగేసి పక్కన పెట్టాను. ఈ బొమ్మ ఎంచుకున్నంత మాత్రాన ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచన ఉందనీ కాదు, ఎంచుకోకపోతే లేదనీ కాదు. ఆ ప్రశ్న సూటిగానే అడగాలి. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా తల్లీ?" అని అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తగా చేసేవాళ్లు జంకుతారు. పుట్టదు. అడిగితే చాలామంది తేలికపడతారు. "పొద్దున లేవకపోతే బాగుణ్ణు అనిపించేది" అంది. ఏం చెయ్యాలన్న ఆలోచన, ఏర్పాటు ఏవీ లేవు. లైంగికంగా ఎవరైనా ఇబ్బంది పెట్టారా అని కూడా అడిగాను, లేదంది. ఉందని చెప్పి ఉంటే, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం నేను రిపోర్టు చెయ్యాల్సిందే, ఆ సంగతి మొదటి రోజే ఆమెకి చెప్పి ఉంచాను.

వాళ్లమ్మకి ఏం చెప్తానో ముందు ఆమెతో చెప్పి, ఆమె ఎదుటే చెప్పాను. సైకియాట్రిస్టుకి పంపాను. రాత్రి ఒంటరిగా పడుకోనివ్వొద్దన్నాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 తల్లీకూతుళ్లిద్దరి చేతా రాయించాను. అందులో తెలుగులో మాట్లాడతారు, ఎప్పుడైనా చెయ్యొచ్చు. ఆ రోజు కార్డులు మళ్లీ ముట్టుకోలేదు.

"కట్టినవాళ్లేరి?"

ఎయిట్ ఆఫ్ సోర్డ్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కళ్లకు గంతలు, ఒంటి చుట్టూ కట్లు, చుట్టూ నేలలో గుచ్చిన ఎనిమిది కత్తులు, దూరంగా గుట్ట మీద కోట. కట్లు వదులుగా ఉన్నాయి, కాళ్లు కట్టలేదు, కాబట్టి కావాలనుకుంటే నువ్వే బయటపడొచ్చు అని ఈ కార్డుకి బాగా నలిగిన వివరణ ఒకటుంది. ఉద్యోగం మారడానికి మీనమేషాలు లెక్కపెట్టే పెద్దమనిషికి అది పనికొస్తుందేమో. ఆరుగురున్న గదిలో, గేటు దాటనివ్వని క్యాంపస్‌లో, ఫోన్ కూడా లేని పిల్లకి ఆ మాట చెప్తే తప్పంతా ఆమెదే అన్నట్టవుతుంది. ఆ వివరణ నేను వాడను.

ఆమె ఆ కార్డుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఈమెని కట్టినవాళ్లేరి మేడమ్? బొమ్మలో లేరు" అంది.

ఇన్నేళ్లుగా ఆ కార్డు చూస్తున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. కాగితం, పెన్ను ఇచ్చి, "అయితే వాళ్లని మనం రాద్దాం" అన్నాను. ఎవరు, ఏం చేశారు, సుమారుగా ఎప్పుడు, ఎవరు చూశారు. గదిలో ఇద్దరి పేర్లతో మొదలైంది. తర్వాత, చెప్పుకుంటే "అడ్జస్ట్ అవ్వాలమ్మా" అని పంపేసిన వార్డెన్. ఆ తర్వాత కాసేపు ఆగి "నాన్న" అని రాసింది. రాసి కొట్టేసింది. మళ్లీ రాసింది. ఫీజు మొత్తం కట్టేశాం, ఇంకో ఆరు నెలలేగా, ఓర్చుకో అన్నారట.

ఆ కాగితమే తర్వాత ప్రిన్సిపాల్‌కి ఇచ్చిన ఫిర్యాదు అయింది, తండ్రి పేరున్న వరస తప్ప. చాలామంది తల్లిదండ్రులకి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. కొట్టడమే కాదు, ఆటపట్టించి అవమానించడం కూడా దాని కిందికి వస్తుంది. ఫిర్యాదు అందగానే సంస్థ పెద్ద విచారణ చెయ్యాలి, పట్టించుకోకపోతే ప్రోత్సహించినట్టే లెక్క. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పొచ్చు.

తండ్రి ఒకసారి వచ్చారు. ఆయనకి కార్డులు చూపించలేదు. అవి ఆమెవి. ఆయనకి చూపించింది తేదీలున్న కాగితం, స్కెచ్ పెన్ రాతలున్న బోటనీ రికార్డు. ఆ అట్ట చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. "ఇది నాకు చెప్పలేదేటమ్మా" అన్నారు. కూతురు ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

నాలుగు కర్రలు

"కాసేపు వెళ్లి కూర్చోవాలనిపించే చోటు ఏదైనా ఉందేమో చూడు" అని ఇంకో రోజు అడిగాను. సిక్స్ ఆఫ్ సోర్డ్స్ తీస్తుందనుకున్నాను. పడవలో శాలువా కప్పుకున్న స్త్రీ, పక్కన బిడ్డ, తెడ్డు వేసే మనిషి, పడవ ముందుభాగంలో నిలబెట్టిన ఆరు కత్తులు. కష్టం నుంచి దూరంగా వెళ్లడానికి ఎక్కువమంది ఇదే తీస్తారు. ఆమె దాన్ని చూసి పక్కకి నెట్టేసింది. "ఇంటికెళ్తే అందరూ అడుగుతారు. హాస్టల్లో ఉండలేక పారిపోయొచ్చిందంటారు. పాపం అమ్మ అందరికీ జవాబు చెప్పాలి." ఇల్లు అనగానే ఆశ్రయం అని మనం అనుకోకూడదు. కొంతమంది పిల్లలకి అది ఇంకో వరస ప్రశ్నలకి మొదలు.

ఆమె తీసింది ఫోర్ ఆఫ్ వాండ్స్. ముందు నేలలో పాతిన నాలుగు కర్రలు, వాటి మీద పూలదండ, వెనక పూలగుత్తులు పైకెత్తిన ఇద్దరు, ఇంకా వెనక వంతెన, కోట. పెళ్లి, గృహప్రవేశం అని అందరూ చెప్పే కార్డు. వెయిట్ తన పుస్తకంలో దీనికి రాసిన అర్థాల్లో ఆశ్రయమిచ్చే చోటు అని కూడా ఉంది. ఆమెకి అవేమీ తెలియదు.

"తిత్లీ అప్పుడు మా అమ్మమ్మోలింటి ముందర ఇలాటిదే ఏసేరు మేడమ్."

ఆ వాక్యానికి ముందు ఆమె ఆగలేదు. సరిచూసుకోలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. అప్పుడామె అయిదో తరగతి. అమ్మమ్మ ఇంటి పైకప్పు లేచిపోతే వాకిట్లో నాలుగు కర్రలు పాతి టార్పాలిన్ కట్టారు. కరెంటు లేదు. చుట్టుపక్కల వాళ్లంతా బియ్యం తెచ్చి ఒకే పొయ్యి మీద వండుకున్నారు. రాత్రి పిల్లలందరినీ మధ్యలో పడుకోబెట్టి పెద్దవాళ్లు చుట్టూ కూర్చునేవాళ్లట. తోట మొత్తం పోయిన ఇల్లు అది, పెద్దవాళ్లకి అవి ఏడుపు రోజులే. ఆమెకి మాత్రం తన జీవితంలో భయం లేకుండా నిద్రపోయిన రోజులు అవేనట. ఇదంతా శ్రీకాకుళం మాటలోనే చెప్పుకుపోయింది. ఆపలేదు, సరిదిద్దలేదు, మెచ్చుకోలేదు కూడా. మెచ్చుకుంటే మళ్లీ ఆమె మాట తీరు మీదికే దృష్టి పోతుంది.

ఆశ్రయం గురించి నేను నేర్పగలిగింది పెద్దగా ఏమీ మిగల్లేదు. అడగాల్సింది ఒకటే ఉంది: "అలాంటిది ఇప్పుడు వెయ్యాలంటే కర్రలు ఎవరు?" కాగితం మీద నాలుగు గీతలు గీసింది. మొదటిది అమ్మమ్మ. రెండోది హాస్టల్ మెస్‌లో వడ్డించే ఆయమ్మ. ఆవిడ సోంపేట వైపు మనిషట, ఎవరూ వినకుండా ఈమెతో ఊరి మాటలో మాట్లాడేదట, పెరుగు ఇంకో గరిటె వేసేదట. మూడోది జువాలజీ లెక్చరర్. నాలుగో గీత దగ్గర ఆగింది. ఫ్రెండ్ పేరు రాస్తుందేమోనని చూశాను, రాయలేదు. ఖాళీగానే ఉంచమన్నాను.

ఇప్పటి పరిస్థితి

కాలేజీ ఆ ఇద్దరి తల్లిదండ్రులని పిలిచింది. "సరదాకి అన్నాం" అన్నారట. గది మారుస్తామన్నారు. వార్డెన్ మారలేదు. సైకియాట్రిస్టు ఇచ్చిన సర్టిఫికెట్‌తో, పేరు ఆ కాలేజీలోనే ఉంచి అమ్మమ్మ ఇంట్లో చదువుకునేటట్టు, ప్రాక్టికల్స్‌కీ పరీక్షలకీ తల్లిని తోడు తీసుకుని వెళ్లేటట్టు మాట్లాడుకున్నారు. ఫీజు వెనక్కి రాలేదు. నిద్ర కుదుటపడింది, వాంతులు లేవు. మందులు డాక్టరుగారు చూసుకుంటున్నారు. రెండో కర్ర పోయింది. ఆయమ్మ ఫోన్ నంబరు తీసుకోలేదని ఇప్పటికీ అంటుంది.

ఇంట్లో ఫోన్ చేతికి వచ్చాక మధ్యలో ఒక ఇబ్బంది వచ్చింది. టారో యాప్ ఒకటి వేసుకుని రోజూ పొద్దున ఒక కార్డు తీయడం మొదలుపెట్టింది. ఒక రోజు టవర్ వచ్చింది. పిడుగు పడి బురుజు కూలుతూ మనుషులు కిందికి పడుతున్న కార్డు. ఆ రోజంతా అన్నం ముట్టలేదని వాళ్లమ్మ ఫోన్ చేసింది. యాప్ తీసేయించాను. కార్డులతో పని చేసే మిత్రులు ఇది మొదట్లోనే మాట్లాడుకుంటే మంచిది. మన గదిలో వెల్లకిలా ఉన్న కార్డు పిల్ల ఫోన్‌లో బోర్లానే ఉంటుంది.

ఫ్రెండ్ దగ్గర నుంచి వాట్సాప్‌లో "ఎలా ఉన్నావ్" అని వచ్చింది. ఇంతవరకు జవాబివ్వలేదు. ఇవ్వమనీ వద్దనీ నేను చెప్పలేదు. ప్రాక్టికల్స్‌కి వెళ్తే ఆ ముగ్గురూ ఒకే ల్యాబ్‌లో ఎదురవుతారు. కిందటిసారి కార్డులు తియ్యలేదు, దాని గురించే మాట్లాడుకున్నాం. ఏ గేటు నుంచి లోపలికి వెళ్లాలి, మధ్యాహ్నం అన్నం ఎక్కడ తినాలి, వెనక నుంచి ఆ పేరుతో పిలిస్తే ఏం చెయ్యాలి. తిరిగి చూడనంది. "చూస్తే మాత్రం ఏటవుద్ది?" అని తనే మళ్లీ అంది. రెండు రకాలుగానూ చేసి చూశాం. పరీక్షలయ్యాక మళ్లీ వస్తుంది.